ఐదు సెకన్లు

చెలిన్ దీవి నుంచి పడవ మీద వచ్చింది పెట్టె
బంగాళాదుంపల గోనెసంచిలో.
సంచి మీద ప్లాస్టిక్కు, ప్లాస్టిక్కు మీద వాన.
"పోయిందమ్మా ఎడీతా" అన్నాడు డాన్ బెలార్మీనో
తడిసిన టోపీ పిండుకుంటూ.
ఆ దీవికంతా ఒక్కడే నర్సు.
పిల్లల టీకాల లెక్క మొత్తం అందులోనే ఉందట.
తిరుగు పడవ నాలుగింటికి.

తీగ తగిలించాను. ఫ్యాను తిరిగింది.
నల్లటి తెర మీద ఒకే ఒక్క ఫిర్యాదు:
ఇదేం ఫైల్‌సిస్టమో నాకు తెలియదు.
దాని కింద గ్రబ్ రెస్క్యూ,
పక్కన కొట్టుకుంటూ కర్సరు.

పోలేదు డాన్ బెలార్మీనో.
లేపేవాడు దారి తప్పాడు, అంతే.

మీట నొక్కిన క్షణాన యంత్రానికి
తన పేరు కూడా గుర్తుండదు.
గుమ్మంలో ఒకడుంటాడు,
ఐదువందల పన్నెండు బైట్ల ఇరుకులో ఒంటికాలి మీద.
వాడికి చదువు రాదు,
పక్కింటి నంబరు మాత్రం కంఠతా వచ్చు.
ఆ ఇంట్లోవాడికి కెర్నెల్ పడుకునే గది తెలుసు.
కెర్నెల్ లేచిందంటే
ఇక ఇల్లంతా లేచినట్టే.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"
కిటికీలోంచి వాన వైపు చూశాడాయన.
మేనల్లుడు నెల్సన్, పదిహేనేళ్ళు.
ఆటల కోసం ఇంకో లినక్స్ ఎక్కించాడు.
డిస్కులో అడ్డగోడలు కట్టాడు, గదుల నంబర్లు మారాయి.
అంతా అయ్యాక, బూట్‌లోడర్ కూడా పెట్టనా
అని తెర అడిగితే
భయమేసి, వద్దు అన్నాడట.

పాపం, ఆ ఒక్కదానికే భయపడ్డాడు.

పొయ్యిలో ఇంకో కట్టె వేసి
పెన్‌డ్రైవ్ గుచ్చాను.
అరువు దీపంతో పరాయి ఇంట్లోకి వెళ్ళడం ఇది.
పాత పార్టిషన్ తెచ్చి మౌంట్ చేశాను,
డెవ్, ప్రాక్, సిస్, ఒక్కొక్కటే కట్టాను,
రూట్ మార్చుకుని లోపలికి దిగాను.
ఇప్పుడు నేను నిలబడ్డది
నిద్రపోతున్నవాడి కలలో.

మొదటిసారి నా వేలు తొందరపడింది.
డిస్కు పేరు రాయాల్సిన చోట
చివర ఒక రెండు ఎక్కువ కొట్టాను.
ఇక్కడ పెట్టను, అంది గ్రబ్.
మూడు వరసల నిండా తిట్టింది.
ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాది,
ఇదే తప్పు.

రెండు తీసేశాను.
కాసేపు ఏమీ లేదు. వాన ఒక్కటే.
తర్వాత, ఇన్‌స్టలేషన్ పూర్తయింది,
ఏ లోపమూ కనబడలేదు.
ఇలాంటి మాట నాతో
ఇంకెవరూ అన్నట్టు గుర్తు లేదు.

మెనూ మళ్ళీ రాయించాను.
వెతుక్కుంటూ వెళ్ళి కుర్రాడి సిస్టమ్‌నీ పట్టుకొచ్చింది.
"అది చెరిపేయ్" అన్నాడు డాన్ బెలార్మీనో.
చెరపలేదు. రెండో వరసలో ఉంచాను.
మొదటి వరసకి పేరు నేనే రాశాను:
టీకాలు, ఇక్కడ నొక్కండి.
టైమ్‌అవుట్ ఐదు.

"ఐదు సెకన్లు ఎందుకమ్మా, వెంటనే లేవకూడదూ?"
"మీరు కళ్ళు తెరవగానే మాట్లాడతారా?"
నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు.

డబ్బు తీసుకోలేదని
వేడివేడి మిల్కావోలు ఆరు బల్ల మీద పెట్టి,
పెట్టెని పసిబిడ్డలా కోటు కింద దాచుకుని
రేవు వైపు పరుగెత్తాడు.

నాలుగుంబావుకి చూసుకున్నాను,
నా పెన్‌డ్రైవ్ దానికే ఉండిపోయింది.
ఫోన్ చేశాను. ఇంజను హోరులో సగమే వినబడింది.
ఉండనీండి, అన్నాను. నెల్సన్‌కి ఇవ్వండి.
ఈసారి తెర అడిగితే
ఔననమని చెప్పండి.